తప్పుల గురువారం

గువ్వ మా బడిలో నోరు తెరిచి ఐదు నెలలైంది. శుక్రవారం మాటల డాక్టరమ్మ వస్తుందనీ, ఆవిడ ముందు కూడా పిల్ల పెదవి విప్పకపోతే ఊరికి అవతలి కొసనున్న వేరే బడికి పంపించే ఏర్పాటు చేస్తామనీ పెద్ద టీచరమ్మ చెప్పిన దగ్గర పోయిన వారం కథ ఆపాను. ఆ మాట విన్న నేను చెప్పులు సర్దే నెపంతో చెప్పుల అర ముందు కూలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి మా బడిలో అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ వంగితే ఎవరికీ మొహం కనబడదు.

ఈ వారమే నా కథ అందుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నేను ఈ బడిలో ఆయాను. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు ఇరవై ఇద్దరు. ముక్కులు తుడవడం, మంచినీళ్ళు పట్టడం, సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరినీ లెక్కపెట్టి అప్పగించడం నా పని. అప్పగించాక కూడా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఏడాదికోసారి ఐదేళ్ళు నిండినవాళ్ళు పెద్ద బడికి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళొచ్చినా ఆ నెలలో నాకు అన్నం సరిగ్గా సయించదు.

మధ్యాహ్నం పిల్లలు పడుకునే ముందు అరగంట కథ చెప్పడం కూడా నా వంతే. నాకు చదువు బడిలో అబ్బింది కాదు. నలభై దాటాక ఈ పిల్లల బొమ్మల పుస్తకాలకి దుమ్ము దులుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే కథ చెప్పడంలో నా పద్ధతి నాది. వారమంతా ఒక్కటే కథ. సోమవారం నేను చెబితే వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. మర్నాటికి మళ్ళీ మళ్ళీ వచ్చే మాట దగ్గర ఆగితే చాలు, వాళ్ళే అందిస్తారు. బుధవారం బొమ్మ చూపించి ఎందుకలా, తర్వాతేమైంది అని గుచ్చి గుచ్చి అడుగుతాను. గురువారం మాత్రం కావాలని కథంతా తప్పులు చెబుతాను. ఏనుగుని చీమంటాను, పగటిని రాత్రంటాను. పిల్లలు చప్పట్లు కొడుతూ తప్పు తప్పు అని అరిచి, సరైన మాట చెప్పి నన్ను దిద్దుతారు. ఊరికే చెప్పమంటే ఉలకని పిల్ల కూడా, పెద్దవాళ్ళని దిద్దే అవకాశం వస్తే ఊరుకోదు. మాటలు రావడం ఆలస్యమైన పిల్లలెందరో ఆ గురువారాల్లోనే నోరు విప్పారు. దాన్ని నేను నా గొప్పగానే చెప్పుకునేదాన్ని.

ఇక శుక్రవారం పుస్తకం పిల్లల చేతికే ఇచ్చేస్తాను. ఇంటికి వెళ్ళేటప్పుడు తలా ఒక పుస్తకం గుడ్డసంచీలో పెట్టి పంపుతాం. అందులో వారానికొకటి చొప్పున చీటీల కట్ట కూడా ఉంటుంది. అమ్మో నాన్నో పుస్తకం చదివి వినిపించి, చీటీ మీద ‘చదివాం’ అని రాసి సోమవారం వెనక్కి పంపాలి.

ఆ సోమవారం నేను గువ్వ సంచీలో చీటీలన్నీ బయటికి తీశాను. ఐదు నెలల చీటీలు. ఎక్కడైనా ఒక ఆధారం దొరుకుతుందేమోనని ఆశ. అన్నిటి మీదా ‘చదివాం’ అని ఉంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే నాకు అనుమానం వచ్చింది. ఐదారు చీటీలు ఒకేసారి కూర్చుని రాసినట్టున్నాయి. అదే సిరా, అదే వాలు. ఇంకా రాని వారాల చీటీల మీద కూడా ‘చదివాం’ అని రాసేసి ఉంది.

పెద్ద టీచరమ్మకి చూపించలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పిల్ల వెనకబడిపోతుందని ఆవిడ భయం, పిల్ల వెళ్ళిపోతుందని నా భయం. రెండు భయాలు ఒకచోట కూర్చుంటే మంచి ఆలోచన పుట్టదు. మంగళవారం పిల్లలందరినీ అప్పగించాక, గొడుగు చంకన పెట్టుకుని, గువ్వ వాళ్ళమ్మ పనిచేసే బట్టల ఉతుకుడు కేంద్రానికి నేనే వెళ్ళాను.

అది పెద్ద రేకుల గది. ఒక గోడ పొడుగునా యంత్రాలు గిర్రున తిరుగుతున్నాయి. మధ్యలో నడుమెత్తు బల్లలు, వాటి మీద హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్లు గుట్టలుగా ఉన్నాయి. ఆవిరికి నా కళ్ళజోడు మసకబారి ముందు ఎవరూ కనబడలేదు. తుడుచుకుని పెట్టుకుంటే గువ్వ వాళ్ళమ్మ కనబడింది. ముప్ఫై ఉంటాయేమో. సన్నగా, చురుగ్గా ఉంటుంది. పెద్ద దుప్పటిని ఒక్కతే మడతపెట్టలేక, ఒక కొసని గడ్డం కింద నొక్కిపట్టి తంటాలు పడుతోంది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. పిల్లకేమైనా అయిందా అని అడిగింది. ఏమీ కాలేదని చెప్పి, జారిపోతున్న రెండో కొస నేను అందుకున్నాను.

దుప్పటి మడతపెట్టడం ఇద్దరు చేసే పని. దూరంగా నిలబడి లాగాలి, దులపాలి, కొసలు కలపడానికి దగ్గరికి రావాలి, మళ్ళీ దూరం జరగాలి. యంత్రాల హోరులో దూరంగా ఉన్నప్పుడు మాట వినబడదు. దగ్గరికొచ్చినప్పుడే మాట్లాడుకోవాలి. అలా ముక్కలు ముక్కలుగానే మా మాటలు సాగాయి.

చీటీల సంగతి నేను ఎత్తలేదు. సంచీలోంచి బొమ్మల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. తాబేలు, కప్ప, బస్సు ఉన్న పుస్తకం. ఇది గువ్వకి ఒకసారి చదివి వినిపిస్తావా తల్లీ, శుక్రవారానికి పనికొస్తుంది అన్నాను. ఆమె పుస్తకం వైపు కాక కిటికీ వైపు చూసింది. పొద్దున్నుంచీ ఆవిరికి కళ్ళు మండుతున్నాయనీ, అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయనీ, ఆ పేజీ ఏదో నన్నే చదవమనీ అంది.

నా చేతిలో దుప్పటి ఆగిపోయింది. ఆ మాట నేను ఇరవై ఏళ్ళు వాడాను. రేషను కాగితం ముందు, ఆసుపత్రి చీటీ ముందు, నా పెళ్ళిలో సంతకం ముందు కూడా. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని ఒకసారి, చేతికి దెబ్బ తగిలిందని ఒకసారి. దొంగని దొంగే పట్టగలడంటారు.

“నాకూ రాదమ్మా ఒకప్పుడు,” అన్నాను.

ఆమె బిగుసుకుపోయింది. మళ్ళీ దూరం జరిగి దుప్పటిని గట్టిగా లాగింది. ఇంకొంచెం లాగితే నేను బోర్లా పడేదాన్ని. కొసలు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు మాత్రం, తల దించుకుని, చిన్న గొంతుతో అంతా చెప్పింది. చీటీలు పక్కింటి కోడలు రాసిపెట్టిందట. ఆ కోడలు చంటిబిడ్డ తల్లి, మాటిమాటికీ అడగలేక ఐదారు ఒకేసారి రాయించుకుందట. పుస్తకాలు మాత్రం ఈమె ఒక్కటీ వదల్లేదట. బొమ్మలు చూసి, తన మనసుకి తోచిన కథ అల్లి, వేలు అక్షరాల కింద ఆనించి జరుపుతూ, చదువుతున్నట్టే చెప్పేదట.

గువ్వ ఇంట్లో మాట్లాడుతుందా అని అడిగాను. ఐదు నెలల్లో ఈ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టకపోవడం మా తెలివి.

“ఇంట్లోనా? వాగుడుకాయ పెద్దమ్మా. స్నానం పోస్తుంటే నోట్లోకి నీళ్ళు పోయినా ఆపదు.”

మరి బడిలో ఎందుకిలా అని నేను అంటుండగానే, ఆమె చేతిలో మడతని బల్ల మీద పెట్టి, దాని అంచు అనవసరంగా సాపు చేస్తూ నిలబడింది. అప్పుడు చెప్పింది, నా గుండెల్లో రాయి పడేసిన సంగతి.

ఐదు నెలల కిందట ఒక సాయంత్రం గువ్వ ఇంటికొచ్చి, బడిలో ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్న ఈ తాబేలు పుస్తకం తల్లి ఒళ్ళో పెట్టిందట. నువ్వు చెప్పేది కాదు, ఇందులో రాసింది చదువు అందట. ఈమె ఎప్పట్లాగే వేలు పెట్టి తన కథ మొదలుపెట్టిందట. పిల్ల వేలు వైపు చూసింది, తల్లి మొహం వైపు చూసింది, పుస్తకం తనే మూసేసి, “పోనీలే అమ్మా, నిద్రొస్తోంది,” అని ముడుచుకుని పడుకుందట.

“ఏ వారం అది?” అని అడిగాను. అడక్కుండానే నాకు తెలుసు.

గురువారం.

నాకు ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ళకి కట్టింది. పుస్తకంలో కథ చిన్నది. కప్ప తన కొత్త ఇంటికి స్నేహితులందర్నీ భోజనానికి పిలిచింది. తాబేలు మెల్లగా నడిచి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. పాపం వానలో నడుచుకుంటూ వెళ్ళింది, అందరూ తినేశాక చేరింది, కప్ప దాని వంతు మూతపెట్టి దాచి ఉంచింది. ఆ గురువారం నేను తాబేలు రైలెక్కిందని తప్పు చెబుతుంటే, మూల కూర్చునే గువ్వ, బడిలో చేరి నెల తిరగని గువ్వ, మొదటిసారి లేచి నిలబడింది. తాబేలు బస్సెక్కడానికి రాలేదనీ, కప్పని ఎక్కించడానికి వచ్చిందనీ చెప్పింది. ఆట మంచి ఊపులో ఉంది. మా వసపిట్ట ముందు అందుకుంది. అది నిద్రలో కూడా మాట్లాడే పిల్ల. వెనకే ఇరవై మందీ చప్పట్లు కొడుతూ తప్పు, తప్పు అని అరిచారు. మా ఆటలో అది అవమానం కాదు. తప్పు చెప్పినవాళ్ళే ఆ రోజు రాజు. నేనూ కడుపుబ్బా నవ్వి, భలే తప్పు చెప్పావే బంగారూ అని మెచ్చుకున్నాను కూడా. గువ్వ కూర్చుంది. బిడియం కాబోలనుకున్నాను.

ఆ పిల్ల తప్పు చెప్పలేదు. అంతకు ముందు ఆ పుస్తకం ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళమ్మ చెప్పిన కథ చెప్పింది. ఇరవై ఒక్కమంది పిల్లలూ ఒక ముసలిదీ కలిసి వాళ్ళమ్మని తప్పన్నారు. ఇక ఆ గదిలో నోరు విప్పితే మళ్ళీ అమ్మ కథే వస్తుంది, మళ్ళీ అమ్మ తప్పవుతుంది. నాలుగేళ్ళ పిల్ల అంతకంటే ఏం చేస్తుంది? నోరు మూసుకుని అమ్మని కాపాడుకుంది.

యంత్రాలు ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నేను, తప్పు నాది తల్లీ, నీ పిల్లది కాదు అన్నాను. కళ్ళజోడు తడిసిపోయింది. ఆమె నన్ను ఓదార్చాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే, తను ఏడవకుండా నన్ను ఓదార్చింది. దుప్పటి కొసతో నా కళ్ళజోడు తుడిచి ఇచ్చి, హోటలువాళ్ళది, ఏమీ అనుకోరులే అంది.

నేను బతిమాలాను. శుక్రవారం నువ్వొచ్చి, డాక్టరమ్మ ముందు, పిల్లలందరి ముందు నీ తాబేలు కథ చెప్పు. నీ కథ విని ఎవరూ తప్పనకపోతే గువ్వ నోరు తెరుస్తుంది. ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టి ఒప్పుకుంది.

“నాకు చదవడం రాదని దానికి మాత్రం తెలియనివ్వకు పెద్దమ్మా. అమ్మకి అన్నీ వచ్చనుకుంటోంది. కొన్నాళ్ళు అనుకోనీ.”

మాటిచ్చాను. ఈసారి గురువారం కథలో నేను ఒక్క తప్పూ చెప్పలేదు. వసపిట్ట నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అమ్మమ్మకి జ్వరమని అందరికీ ప్రకటించింది.

శుక్రవారం వచ్చింది. నేను తెల్లవారే వెళ్ళి చాపలు రెండుసార్లు పరిచాను. మాటల డాక్టరమ్మ అనుకున్నంత భయపెట్టే మనిషి కాదు. నా కంటే పొట్టి. చేతిలో ఒక అట్ట, ఒక పెన్సిలు. పిల్లల వెనకాల చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకుని కూర్చుంది. తలుపు దగ్గర పెద్ద టీచరమ్మ నిలబడింది. గువ్వ ఎప్పట్లాగే మూలన, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని కూర్చుంది. తల్లి లోపలికి రాగానే కళ్ళు పెద్దవయ్యాయి కానీ కదల్లేదు.

గువ్వ వాళ్ళమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చింది. పుస్తకం తెరిచి, వేలు ఆనించింది. డాక్టరమ్మ వైపు చూసింది, పెద్ద టీచరమ్మ వైపు చూసింది. మొదలుపెట్టింది.

తాబేలు మెల్లగా నడిచి వచ్చిందనీ, బస్సు తప్పిపోయిందనీ చెప్పింది.

అది పుస్తకంలో కథ. పక్కింటి కోడలి చేత చదివించుకుని బట్టీ పట్టేసింది, చదువుకున్నవాళ్ళ ముందు నగుబాటు కాకూడదని. ఒక్క ముక్క పొల్లు పోకుండా అప్పజెబుతోంది. గొంతులో ప్రాణం లేదు. అయిపోయిందనుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర లెక్కలో ఇరవై ఒకటి దగ్గర ఆగడం ఎలా ఉంటుందో అప్పుడే చూసేశాను.

“అది కాదమ్మా.”

ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. వసపిట్ట సహా అందరూ మూల వైపు తిరిగారు. గువ్వ లేచి నిలబడింది. గౌను అంచు రెండు చేతులతో పిండుతోంది.

“బస్సు తప్పిపోలేదు. తాబేలు కప్పని ఎక్కించడానికొచ్చింది. ఎందుకంటే కప్ప ఊరెళ్ళిపోతోంది. నువ్వే చెప్పావుగా.”

తల్లి వేలు పేజీ మీద ఆగిపోయింది. నేను వసపిట్ట వైపు చూశాను. ఆ పిల్ల నోరు తెరిచింది. తెరిచి, చప్పట్లు కొట్టకుండా నా వైపు తిరిగి, అలా కూడా ఉంటుందా అమ్మమ్మా అని అడిగింది. ఉంటుంది అన్నాను. ఒక బొమ్మకి ఎన్ని కథలైనా ఉంటాయి, ఏదీ తప్పు కాదు, ఈ మాట నేను ముందే చెప్పాల్సింది అన్నాను. అయితే తర్వాతేమైందో చెప్పమని వసపిట్టే గువ్వని తొందరపెట్టింది. తను మాట్లాడకుండా ఇంకొకరిని మాట్లాడమనడం దాని జన్మలో అదే మొదలు.

గువ్వ చెప్పింది. మూల నుంచి ఒక్కో అడుగే ముందుకొస్తూ, చివరికి తల్లి పక్కకి చేరి, తనే పేజీలు తిప్పుతూ చెప్పింది. బస్సు కిటికీలోంచి కప్ప ‘వెళ్తున్నా’ అంది. అలా అనకూడదు, ‘వెళ్ళొస్తా’ అనాలి కదా, అందుకని తాబేలుకి ఏడుపొచ్చింది. వాన పడుతుంటే ఏడుస్తూ ఇంటికి నడిచింది. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదు. అయితే ఇంట్లో దీపం వెలుగుతోంది. ఎవరా అని చూస్తే కప్ప. తర్వాతి స్టాపులో దిగిపోయి, గెంతుకుంటూ తాబేలు కంటే ముందే వచ్చేసింది.

“ఎందుకొచ్చింది?” అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

“‘వెళ్ళొస్తా’ అనడం మర్చిపోయిందిగా. చెప్పి వెళ్దామని వచ్చింది. కానీ వాన తగ్గలేదు, అందుకని ఉండిపోయింది.”

పిల్లలు ఒక్కసారిగా అమ్మయ్య అన్నారు. పెద్ద టీచరమ్మ తలుపు వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా సంగతి చెప్పను. చెప్పుల అర దూరంగా ఉంది.

డాక్టరమ్మ తన అట్ట మీద గీతలు లెక్కపెట్టింది. ఎన్ని మాటలు చెప్పిందో తను రాసుకోలేదట. ‘ఎందుకంటే’, ‘అయితే’, ‘అందుకని’ ఎన్నిసార్లు వచ్చాయో రాసుకుందట. వస్తువుల పేర్లు చిలకకి కూడా నేర్పొచ్చు, ఈ మూడూ కథలు విన్న పిల్లకే వస్తాయి అంది. ఇవి ఎవరు నేర్పారని గువ్వ వాళ్ళమ్మని అడిగింది. ఆమె సిగ్గుతో నవ్వింది. ఆ నవ్వు చూసి, గట్టెక్కామనుకున్నాను.

అప్పుడు డాక్టరమ్మ అట్ట కింది నుంచి ఒక కాగితం తీసింది. ఒక్క పూట విని తను తేల్చలేనంది. అవతలి బడిలో రోజూ మాటల పాఠం ఉంటుంది, ఇక్కడ కథలున్నాయి. రెండిటి మంచిచెడ్డలూ అందులో రాసి ఉన్నాయి. ఎక్కడ ఉంచాలో నిర్ణయం తల్లిది. తల్లి స్వయంగా చదువుకుని, రెండు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

“బడివాళ్ళు దయచేసి మాట సాయం చెయ్యకండి,” అంది మా ఇద్దరి వైపు చూసి. “తల్లులు మీ మొహాలు చూసి టిక్కు పెట్టేస్తారు. నాకు ఆవిడ మనసులో మాట కావాలి.”

కాగితం నా ముందు నుంచే వెళ్ళింది. కూడబలుక్కుని చదివేదాన్ని, గడుల పక్కన ఉన్న రెండు ముక్కలే అందాయి. పై గడి వేరే బడికి. కింది గడి ఇక్కడికే.

గువ్వ వాళ్ళమ్మ కాగితం అందుకుంది. చదువుతున్నట్టే కళ్ళు పై నుంచి కిందికి జరిపింది. ఎంతసేపు చూస్తే చదివినట్టవుతుందో లెక్కపెట్టుకుంటోందని నాకొక్కదానికే తెలుసు. మాటిచ్చాను. పైగా మాట్లాడొద్దన్నారు. ఆమె కలం తీసుకుంది. అన్నిటికంటే ముందున్నదే మంచిదయి ఉంటుందనుకుంది కాబోలు, కలం మొన మెల్లగా వెళ్ళి పై గడి మీద ఆనింది.

గువ్వ తల్లి మోచేతి కిందుగా తల దూర్చింది. కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి వెతికింది. తిప్పి వెనక వైపు కూడా చూసింది. తర్వాత తల్లి చెంప మీద చెయ్యి వేసి, తన వైపు తిప్పుకుని, ఇంట్లో మాట్లాడినంత మామూలుగా, గదిలో అందరి చెవులకీ వినబడేలా అంది.

“ఇందులో బొమ్మల్లేవమ్మా. నువ్వెలా చదువుతావు?”